సొంత ఇమ్యూనిటీయే వీర్యకణాలకు శత్రువవుతుందా?

కూకట్‌పల్లిలో టెస్టు చేయిస్తే వీర్యకణాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయని రిపోర్టు వచ్చిందని, ఇది ఇమ్యూనిటీ వల్లేనా అని అడిగారు. అయ్యుండొచ్చు.

మన రోగనిరోధక వ్యవస్థ 'మనవాళ్లెవరు, పరాయివాళ్లెవరు' అన్నది చిన్నప్పుడే నేర్చుకుంటుంది. వీర్యకణాలు పుట్టేదేమో యుక్తవయసులో. అంటే ఇవి ఆలస్యంగా వచ్చిన చుట్టాలు, కాపలావాడు గుర్తుపట్టడు! అందుకే వృషణాల్లో సెర్టోలి కణాలు గట్టిగా అతుక్కుని రక్తానికీ వీర్యకణాలకూ మధ్య గోడ కడతాయి. క్రికెట్ బంతి బలంగా తగిలినా, ఇన్ఫెక్షన్ సోకినా, ఆపరేషన్ జరిగినా ఆ గోడకు బీట పడొచ్చు. అప్పుడు ఇమ్యూనిటీ వీర్యకణాలను పరాయివనుకుని, వాటికి అంటుకునే యాంటీబాడీలను (పరాయివాటిపై దాడికి తయారుచేసే ప్రొటీన్లను) వదులుతుంది. వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకున్నవాళ్లలో సగం మందికి పైగా ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి.

యాంటీబాడీ తోకకు అంటుకుంటే కణం సరిగ్గా ఈదలేదు. తలకు అంటుకుంటే అండం పైపొరను పట్టుకోలేదు.

అయితే అతుక్కున్నవన్నీ యాంటీబాడీల పనే కాదు, ఇన్ఫెక్షన్‌లోనూ అలాగే కనిపిస్తాయి. తేల్చడానికి, కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే మార్ (MAR) టెస్టు ఉంది. కదిలే కణాల్లో 50 శాతానికి మించి యాంటీబాడీలు అంటుకుని ఉంటేనే సాధారణంగా పట్టించుకుంటారు. అంతకన్నా తక్కువైతే టెన్షన్ అక్కర్లేదు.

ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్లు ఒకప్పుడు ఎక్కువగా రాసేవారు. లాభం అంతంతమాత్రం, సైడ్ ఎఫెక్టులు బోలెడు. ఇప్పుడు అవసరమైతే 1992లో వెలుగులోకొచ్చిన ఇక్సీ పద్ధతిలో ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కిస్తారు. అక్కడ యాంటీబాడీల ఆటలు దాదాపు సాగవు. ముందు ఆండ్రాలజిస్టుకు (మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టరుకు) రిపోర్టు చూపించండి, ఇమ్యూనిటీ కషాయాలు తర్వాత.