ఐదో నెల వచ్చినా బిడ్డ కదలిక తెలియడం లేదు, భయపడాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు, తొలి కాన్పు. చివరి నెలసరి నుంచి లెక్కిస్తే 20 వారాల 1 రోజు. బిడ్డ కదలిక ఇంకా తెలియలేదు. మా తోటికోడలికి నాలుగో నెలలోనే తెలిసిందట. నాకు మొదటి నుంచీ నెలసరి 40 రోజులకోసారి వచ్చేది. మూడో నెల స్కానింగ్‌లో మాయ ముందు వైపు ఉందన్నారు.

జవాబు: మీ ఆందోళనకు చాలావరకు సమాధానం మీరు రాసిన చివరి రెండు మాటల్లోనే ఉందమ్మా. నెలసరి తేదీని బట్టి వేసే లెక్క 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారికి సరిపోతుంది. 40 రోజులకోసారి వచ్చేవారిలో అండం సుమారు 12 రోజులు ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి, మీ గర్భం వయసు నిజానికి 18 వారాల 3 రోజుల దగ్గర ఉండవచ్చు. మూడో నెల స్కానింగ్ రిపోర్టులో ఉన్న కాన్పు తేదీనే ఇకపై ఆధారంగా తీసుకోండి.

తొలిచూలులో కదలిక ఎక్కువగా 18-20 వారాల మధ్య తెలుస్తుంది. మాయ ముందు వైపు ఉంటే అది బిడ్డకూ పొట్టకూ మధ్య దిండులా అడ్డుపడుతుంది, అందువల్ల ఇంకొన్నాళ్లు పట్టవచ్చు. మీ తోటికోడలికి అది ఎన్నో కాన్పో మీరు రాయలేదు. రెండోసారి తల్లులు 16 వారాలకే గుర్తుపడతారు. పైగా మొదటి కదలిక తన్నినట్టు ఉండదు. రాత్రి భోంచేసి పడుకున్నాక బొడ్డు కింద బుడగ పేలినట్టో, చిన్న చేప తోక ఆడించినట్టో అనిపిస్తే గ్యాస్ అనుకుని వదిలేయకండి.

బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూడటానికి 18-22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌ ఇంకా కాకపోతే ఇప్పుడే చేయించుకోండి. బిడ్డ కదలడం కళ్లారా చూస్తారు. 24 వారాలు నిండినా మీకు కదలిక తెలియకపోతే మాత్రం డాక్టర్‌ను కలవాల్సిందే. 24-28 వారాల మధ్య షుగర్ పరీక్ష ఉంటుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రను చాయ్‌తో గానీ కాల్షియం మాత్రతో కలిపి గానీ వేసుకోకండి, ఒంటికి సరిగా పట్టదు.

28 వారాలు దాటాక కదలికలను రోజూ గమనించడం అలవాటు చేసుకోండి. నెలలు నిండుతుంటే చోటు చాలక బిడ్డ కదలడం తగ్గిస్తుందని పెద్దవాళ్లు అంటుంటారు, అది నిజం కాదు. తగ్గినట్టు అనుమానం వస్తే ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోయినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. కాన్పుకు తల్లిగారింటికి వెళ్తే స్కానింగ్ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి, అక్కడి డాక్టర్‌కు మీ అసలు తేదీ వాటిలోనే దొరుకుతుంది.