యుద్ధకాలంలో ‘కొత్త’ పిన్‌బాల్ ఆటలు ఎలా వచ్చాయి?

రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942లో అమెరికా ప్రభుత్వం కాయిన్ మెషిన్ల (నాణెం వేస్తే పనిచేసే ఆట యంత్రాల) తయారీ ఆపించింది. అయినా మార్కెట్లోకి ‘కొత్త’ పిన్‌బాల్ ఆటలు (వాలు పలక మీద బంతిని దొర్లించి స్కోరు చేసేవి) వస్తూనే ఉన్నాయంటే, అవి పాత మెషిన్లను మార్చి చేసినవే. యునైటెడ్ కంపెనీ (1942) మొదలైందే ఈ పనితో; విలియమ్స్ (1943) కూడా ఈ పని చేసింది.

పెట్టె, ట్రాన్స్‌ఫార్మర్, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), నాణెం పడే యంత్రాంగం పాతవే. బంతి దొర్లే చెక్క పలకకు పాత బొమ్మలు చెరిపి కొత్త రంగులు వేసేవారు, బంపర్ల (బంతి తగిలితే స్కోరు ఇచ్చేవి) చోటు మార్చి కింద వైర్లు తిరిగి కలిపేవారు. ఆడేవాళ్లకు ఎదురుగా నిలువుగా ఉండే గాజు పలక మీద సైనికుల బొమ్మలు, దేశభక్తి రాతలు వచ్చేవి.

అసలు చిక్కంతా ఆ గాజుతోనే. అప్పట్లో స్కోరు చూపించేది వెనక వెలిగే బల్బులే. గాజు మీది అంకెలు పాత బల్బులకు సరిగ్గా ఎదురుగా రాకపోతే ఒక అంకె వెలగాల్సిన చోట మరొకటి వెలుగుతుంది. బంతిని తిరిగి పైకి కొట్టే మీటలు, అంటే ఫ్లిప్పర్లు, ఇంకా పుట్టలేదు (అవి 1947లో వచ్చాయి), కాబట్టి బంపర్ల అమరిక మారితే ఆట నిజంగానే మారిపోయేది.