రెండు రెక్కల తలుపు, నాలుగు లాక్ రాడ్లు

(పాలకొల్లులో వ్యాన్లకూ లారీలకూ బాడీలు కట్టే మేస్త్రి, పాఠకుల సందేహాలకు ఇచ్చే జవాబులు. ఈసారి ఉత్తరాలన్నీ నడిమికి తెరుచుకునే తలుపుల మీదే.)

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది సఖినేటిపల్లి. రొయ్యలు తోలే ఇన్సులేటెడ్ వ్యాన్ ఉంది. వెనక రెండు రెక్కల తలుపు, రెక్కకో లాక్ రాడ్ (తలుపు మీద పైనుంచి కిందిదాకా నిలువుగా ఉండే ఇనుప కడ్డీ). పంటు మీద నరసాపురం దాటించి, రేవు ఏటవాలులో బండి ఆపి తలుపు తీద్దామంటే హ్యాండిల్ తిరగదు. సుత్తి దెబ్బలు పడితే గానీ రాదు. అదే ఫ్యాక్టరీ ఆవరణలో సిమెంటు నేల మీద ఒంటి చేత్తో తిరుగుతుంది. ఇప్పటికే రెండుసార్లు లాక్ మార్పించాను. ఈసారి వేరే కంపెనీది వేయించమంటారా?

జవాబు: లాక్ జోలికి వెళ్లకండి. పాడైన లాక్ అయితే రేవులోనూ ఏడిపిస్తుంది, సిమెంటు నేల మీదా ఏడిపిస్తుంది. మీది ఒక్కచోటే మొండికేస్తోందంటే తేడా బండి నిలబడ్డ తీరులో ఉంది.

రేవులో మీ బండికి ఒక వెనక చక్రం పైన, ఇంకోటి కింద. ఛాసిస్, అంటే బాడీని మోసే అడుగు చట్రం, మెలిపడుతుంది. బాడీకి నేల, పైకప్పు, రెండు పక్కలు, ముందు గోడ రేకుతో మూసి ఉంటాయి కాబట్టి అవి కొంతవరకు బిగబట్టుకుంటాయి. వెనక మాత్రం నోరు తెరిచిన ఖాళీ ఫ్రేము. మెలి అంతా అక్కడికే వచ్చి చేరుతుంది. చదరంగా ఉండాల్సిన ఫ్రేము ఒక పక్కకి వాలుతుంది. తలుపు రెక్క మాత్రం వాలదు కదా.

లాక్ రాడ్ పని చాలామంది దొంగ కోసమే అనుకుంటారు. ఆ పని దానికి చిన్నది. రాడ్ పై కొసనా కింది కొసనా వంపు తిరిగిన ముక్క ఒకటి ఉంటుంది, అదే క్యామ్. అది దూరే గూడు ఫ్రేముకి వెల్డింగ్ చేసి ఉంటుంది, దాన్ని కీపర్ అంటారు. హ్యాండిల్ తిప్పగానే క్యామ్ ఆ గూటి అంచు వెనక్కి వెళ్లి, తలుపుని ఫ్రేము మీదకి లాగి రబ్బరుని అదుముతుంది. అంతటితో ఆగదు. పైనా కిందా ఫ్రేముని పట్టుకుని ఉంటుంది కాబట్టి, బండి గోతిలో పడ్డప్పుడు ఫ్రేము వాలకుండా తలుపులే అడ్డుకుంటాయి. ఓడలకెక్కే కంటైనర్ చూడండి. రెక్కకి రెండు చొప్పున నాలుగు రాడ్లుంటాయి. దొంగ కోసమే అయితే నాలుగు దేనికి? ఒక్కటి చాలు.

అంటే రేవులో మీ హ్యాండిల్ బిగుసుకోవడం లాక్ చెడిపోయి కాదండీ, బరువంతా క్యామ్‌ల మీద నిలబడి ఉండటం వల్ల. అప్పుడు సుత్తితో కొడితే దెబ్బ తినేది కీపర్ వెల్డింగు. బండిని నాలుగడుగులు జరిపి, చదునులో పెట్టి తియ్యండి.

అయితే కాస్త వాలు తగిలినా ఇలాగే అవుతుంటే ఫ్రేము వదులైందని అర్థం. ఖాళీ బండిని చదునైన నేల మీద పెట్టి, తలుపులు తీసి, ఫ్రేము ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకి టేపు పట్టండి. తర్వాత కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకి. రెండు కొలతలూ ఒకటే రావాలి. కంటైనర్లకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే ఐఎస్ఓ వాళ్లు తలుపుల వైపు ఈ తేడా 10 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. అంత పెద్ద పెట్టెకే అంత అయితే మీ చిన్న వ్యాన్‌కి ఎంత తగ్గితే అంత మంచిది.

ఇంకో గుర్తు, దీనికి టేపు కూడా అక్కర్లేదు. కీపర్ లోపలి అంచు చూడండి. క్యామ్ రాసుకున్న చోట రంగు పోయి ఇనుము మెరుస్తుంటుంది. ఆ మెరుపు అంచు పొడుగునా ఉంటే పట్టు సరిగ్గా ఉన్నట్టు. ఒక మూలనే గోరంత మెరిసి మిగతా చోట పాత రంగు అలాగే ఉంటే ఫ్రేము వాలిందో, రెక్క జారిందో. రెక్కలు రెండూ మూసి మధ్య సందు చూస్తే అది కూడా తేలిపోతుంది. సందు పైన ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే బందులు అరిగి రెక్కలు నడిమికి జారాయి. సందు సమంగానే ఉండి టేపు కొలతలో తేడా వస్తే వెనక మూలల వెల్డింగులు చూడండి, బాడీని ఛాసిస్‌కి బిగించిన యూ బోల్టులు చూడండి. లాక్ కొనడానికి బెజవాడ ఆటోనగర్ దాకా వెళ్లక్కర్లేదు, ఆ బోల్టులు బిగించడానికి మీ ఊళ్లో రెంచి ఉంటే చాలు.

ప్రశ్న: నేను భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ముందు తలుపు ముందుకీ, వెనక తలుపు వెనక్కీ బీరువాలా తెరుచుకునే కార్లను వీడియోల్లో చూశాను. మధ్యలో పిల్లరే లేని కార్లలో ఆ తలుపులు దేనికి లాక్ అవుతాయి? మా మావయ్య పాత కారుకి అలా చేయించొచ్చా?

జవాబు: మంచి ప్రశ్న బాబూ. రెండో దానికి ముందు చెప్తాను: చేయించొద్దు. ఎందుకో మొదటి దాని జవాబులోనే ఉంది.

మామూలు కారులో రెండు తలుపుల మధ్య నిలువు పిల్లర్ ఉంటుంది. వెనక తలుపు బందులు దానికే, ముందు తలుపు లాక్ పడేదీ దానికే. వెనక తలుపు వెనక్కి తెరుచుకునే కార్లన్నిట్లో పిల్లర్ ఉండదనుకోకు. రోల్స్‌రాయిస్ ఫాంటమ్‌లో ఉంటుంది, రెండు తలుపులూ దానికే లాక్ అవుతాయి. పిల్లర్ తీసేసిన వాటిలో 2003లో అమ్మకానికొచ్చిన మాజ్దా ఆర్‌ఎక్స్-8 బాగా పేరున్నది. దాని వెనక తలుపు మన మండువా ఇళ్ల సింహద్వారంలో మొదట మూసే రెక్కలాంటిది. ఆ రెక్కకి పైనా కిందా గడియలు పడతాయి, తర్వాత రెండో రెక్క దాని మీదకి వచ్చి ఆనుతుంది. ఈ కారులోనూ అంతే. వెనక తలుపు పైన కప్పు అంచుకీ, కింద గడపకీ లాక్ అవుతుంది. ముందు తలుపు వచ్చి వెనక తలుపుకి లాక్ అవుతుంది. వెనక తలుపు తీసే హ్యాండిల్ దాని అంచులో దాగి ఉంటుంది, ముందు తలుపు తీస్తే గానీ చేతికి అందదు. పోయిన పిల్లర్ పని చెయ్యడానికి వెనక తలుపు లోపలే నిలువుగా గట్టి ఉక్కు పెట్టారు.

ఆ వరస ఎందుకంటే, మామూలు తలుపు పరుగులో లాక్ వదిలినా ఎదురుగాలి దాన్ని మూసే వైపే నెడుతుంది. వెనక బందుల తలుపు అలా కాదు, సందు దొరికితే చాలు గాలి లాగి విసిరేస్తుంది. పాత ఫియట్ 1100 ముందు తలుపులు ఇలాగే వెనక్కి తెరుచుకునేవి. మీ తాతగారి వయసు వాళ్లనెవరినైనా అడుగు, చెప్తారు.

ఇంకోటి గమనించు. కారు తలుపు మెల్లగా వేస్తే ఒక 'టిక్' వినిపించి, తలుపు పూర్తిగా పడక మధ్యలో ఆగుతుంది. గట్టిగా వేస్తే రెండో 'టిక్'. ఆ మొదటి మెట్టు కావాలని పెట్టిందే, తలుపు సరిగ్గా పడకపోయినా ఊడి తెరుచుకోకుండా. అమెరికా ప్రమాణం ప్రకారం పూర్తిగా పడ్డ లాక్ 11,000 న్యూటన్లు ఓర్చుకోవాలి, అంటే సుమారు 1,100 కిలోల లాగుడు. మొదటి మెట్టు మీద ఆగినది 4,500 ఓర్చుకోవాలి. మీ మావయ్య కారుకి పిల్లర్ కోసి, బందులు అటు నుంచి ఇటు మార్చే షెడ్డు ఏదైనా ఉందనుకో, ఆ లాగుడు పరీక్ష అక్కడ ఎవరు చేస్తారు? పక్క నుంచి బండి వచ్చి గుద్దితే కాచేదీ ఆ పిల్లరే. పైగా తయారీదారు ఇచ్చిన మూల రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

ప్రశ్న: మాది ఆకివీడు. కంటైనర్ లారీలో సరుకు పంపిస్తే దించే చోట పెట్టెలు తగ్గాయి. తాళం తాళంగానే ఉంది, సీలు సీలుగానే ఉంది. డ్రైవరు ఒట్టేసి చెబుతున్నాడు. ఇదెలా జరుగుతుందండీ?

జవాబు: తాళం, సీలు దేనికి వేశారో చూడండి. అవి హ్యాండిల్‌కి ఉంటాయి. హ్యాండిల్ రాడ్‌కి ఒక రివిట్‌తోనో బోల్టుతోనో కలిసి ఉంటుంది. ఆ రివిట్ పోతే తాళం, సీలు చెక్కుచెదరకుండా హ్యాండిల్ పక్కకి వచ్చేస్తుంది, రాడ్ మాత్రం హాయిగా తిరుగుతుంది. పని అయ్యాక కొత్త బోల్టు పెట్టి రంగు పూస్తారు. కాబట్టి హ్యాండిల్ మొదట్లో తల మెరుస్తున్న కొత్త బోల్టు గానీ, అక్కడొక్కచోటే తాజా రంగు గానీ ఉందేమో చూడండి. డ్రైవరు నిజమే చెబుతుండొచ్చు, హోటలు దగ్గర బండి ఆపి భోంచేసే టైము చాలు దీనికి. మనిషిని అనే ముందు రివిట్ చూడండి.

ఇకమీదట బండి ఎక్కించే ముందే రివిట్ తలలకి వెల్డింగ్ చుక్క పెట్టించండి. బందుల పిన్నులకి కూడా రెండు కొసలా. మధ్యనున్న రెండు రాడ్లని కలిపి పట్టే అడ్డబద్దె దొరుకుతుంది, అది వేస్తే ఒక్క హ్యాండిల్ మీద ఆధారపడక్కర్లేదు. తాళం ఒకటే ఉంటే కుడి రెక్కకి వెయ్యండి. కంటైనర్‌లో కుడి రెక్క అంచు ఎడమ రెక్క మీదకి వస్తుంది, కుడిది తీయకుండా ఎడమది రాదు. ఎడమ రెక్కకి ఒక్కదానికే తాళం వేసి నిద్రపోయేవాళ్లనీ చూశాను.

సీలుని తాళం అనుకోవద్దు. ఎవరైనా తీశారా లేదా అని చెప్పడానికే అది. బోల్టు సీళ్లలో 'హెచ్' అక్షరం ఉన్నది గట్టి రకం, పెద్ద కట్టర్ లేకుండా తెగదు. నంబరు బిల్లు మీద రాయించండి, దించే చోట ఆ నంబరు చదివి, సీలుని లాగి, మెలిపెట్టి చూసి అప్పుడు కత్తిరించమనండి. ఎగుమతిదారులు సొంతంగా సీలు వేసే కంటైనర్లకి కస్టమ్స్ వాళ్లు 2017 నుంచి ఎలక్ట్రానిక్ సీలు పెట్టించారు గానీ, రివిట్ సంగతి దానికీ వర్తిస్తుంది.

ప్రశ్న: ఆర్టీసీ సిటీ బస్సుల్లో నడిమికి విడిపోయి మడత పడే తలుపులకి తాళం ఎక్కడుంటుంది? – రామచంద్రపురం నుంచి

జవాబు: పరుగులో ఉన్నప్పుడు గాలే తాళమండీ. తలుపు పైనున్న సిలిండర్‌లో గాలి ఒత్తిడి రెక్కల్ని మూసి పట్టుకుంటుంది. తలుపు దగ్గర ఎర్ర రంగులో అత్యవసర మీట ఉంటుంది, దాన్ని తిప్పితే గాలి 'బుస్సు'మని పోయి రెక్కలు చేత్తో నెట్టినా తెరుచుకుంటాయి. బస్సెక్కినప్పుడు అదెక్కడుందో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది కైకలూరు. మావారు చేపల వ్యాన్‌లో పని చేస్తారు. ఐసు సర్దడానికి లోపలికి వెళ్లినప్పుడు తలుపు పడిపోతే ఏమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. ఆయన నవ్వేస్తారు.

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే, ఆయన నవ్వే సరికాదు. ముందు తలుపు ఏ రకమో కనుక్కోండి. బయట రాడ్లున్న తలుపు గాలికి పడినా దానంతట అది లాక్ కాదు, ఎవరో వచ్చి హ్యాండిల్ తిప్పాలి. అక్కడ ప్రమాదం గాలితో కాదు, లోపల మనిషున్నాడని చూడకుండా మూసి "రైట్" అనే రెండో మనిషితో. చిన్న వ్యాన్లలో స్ప్రింగు లాక్ ఉంటుంది, అది పడితే టక్కున పట్టేస్తుంది. దానికి లోపలి నుంచి తీసే మీట లేకపోతే ఆ బండి ఎక్కొద్దని చెప్పండి. అది పెట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు, యజమాని పెట్టించాలి.

రాడ్ తలుపులకి మా దగ్గర చెప్పే పద్ధతి ఇది: రెక్కల్ని పూర్తిగా పక్క గోడల దాకా తిప్పి కొక్కేనికి తగిలించాలి, తాళంకప్ప జేబులో వేసుకుని లోపలికి వెళ్లాలి. ఇన్సులేటెడ్ పెట్టెలో చుట్టూ రబ్బరు ఉంటుంది, గాలి రాదు, అరిచినా బయటికి వినపడదు, రేకు మధ్య ఫోను సిగ్నలూ ఉండదు. మామూలు ఐసు అయితే గాలిని పాడు చెయ్యదు. డ్రై ఐస్ వాడే బండి అయితే మాత్రం దాన్నుంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, కొద్దిసేపట్లోనే మనిషిని పడేస్తుంది. అందులోకి తలుపులు బార్లా తీసి, కాసేపు ఆగి గానీ అడుగు పెట్టకూడదు.

ప్రశ్న: మా వ్యాన్ అంతర్వేది, మొగల్తూరు వైపే తిరుగుతుంది. రాడ్లు ఏడాది తిరక్కుండా తుప్పు పడుతున్నాయి. స్టెయిన్‌లెస్ వేయించమంటారా? రబ్బరుకి డీజిల్ పూయమని మా డ్రైవరు అంటాడు.

జవాబు: వేయించండి, కానీ స్టెయిన్‌లెస్ అని ఊరుకోకుండా ఏ నంబరో అడగండి. 304 మామూలు చోట్ల బాగుంటుంది, ఉప్పుగాలికి దానికీ ఎర్ర మచ్చలు వస్తాయి. 316లో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకి అది తట్టుకుంటుంది. ధర ఎక్కువ. అంత పెట్టలేకపోతే గాల్వనైజ్డ్ రాడ్ వేసి, రోజూ పని అయ్యాక కీపర్ల లోపల మంచినీళ్లు కొట్టండి, అక్కడే ఉప్పు దాక్కునేది. అల్యూమినియం రేకుకి స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే మధ్యలో నైలాన్ వాషరు పెట్టించండి. లేకపోతే బోల్టు బాగానే ఉండి, దాని చుట్టూ రేకు తెల్లటి పొడిలా రాలిపోతుంది.

డీజిల్ మాత్రం వద్దు. తలుపుల రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం రకం, డీజిల్, ఇంజను ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. సబ్బునీళ్లతో తుడిచి, పలచగా సిలికాన్ గ్రీజు రాయండి.