క్యారెట్లు పక్కన పెట్టే బన్నీ

ప్రశ్న: మా బన్నీ ఇండియన్ స్పిట్జ్. నాలుగేళ్లు, ఎనిమిది కిలోలు. ప్యాకెట్ తిండి వాసన చూసి వెళ్లిపోతుంది. చికెన్ కూరలో ముక్కలు కడిగి అన్నంలో కలిపితే అవి మాత్రం ఏరుకు తింటుంది. క్యారెట్ ముక్కల్ని శుభ్రంగా నాకి గిన్నె పక్కన పెడుతుంది. పెరుగన్నానికి పేచీ లేదు. మామయ్యగారేమో ‘కుక్కకి ఇన్ని వంటలా’ అంటూనే, టీ తాగేటప్పుడల్లా బిస్కెట్ ముంచి వేస్తుంటారు. డాక్టరుగారూ, ఇంట్లోనే బలమైన తిండి ఎలా వండాలి?
– ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఆ కూర ముక్కలు ఆపేయండమ్మా. కడిగితే కారం పోతుందేమో గానీ, ముక్కలోకి దిగిన ఉల్లి, వెల్లుల్లి రసం పోదు. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, వేయించినా అంతే. తిన్న రోజు ఏమీ తెలియదు. కొన్ని రోజులు పోయాక చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది.

ఇక పేచీ సంగతి. బన్నీ బరువుకు రోజుకు సుమారు 450 కేలరీలు చాలు. ఒక్కో మారీ బిస్కెట్‌లో పాతిక కేలరీలైనా ఉంటాయి. రెండు టీలకు మూడేసి చొప్పున వేశారనుకోండి, మూడో వంతు భోజనం అక్కడే అయిపోయింది. కడుపు నిండితే గారెలే చేదంటారు, క్యారెట్ ఎంత? చిరుతిళ్లన్నీ కలిపినా రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. మామయ్యగారి చేతికి ఉడికించిన బీన్స్ ముక్కలో, కీరా ముక్కలో ఇవ్వండి. వేసే సరదా ఆయనది, దాన్ని మాన్పించడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. టీలో ముంచడం మాత్రం వద్దని చెప్పండి.

రోజంతటికీ ఎముకల్లేని చికెన్ కైమా 150 గ్రాములు, బియ్యం 50 గ్రాములు, సొరకాయో గుమ్మడికాయో క్యారెట్టో అర కప్పు. కూరగాయను ఉడికించి పప్పుగుత్తితో మెదిపేయండి. కైమా ఉడికిన నీళ్లు పారబోయకుండా అందులోనే అన్నం మెత్తగా వండి, అన్నీ చేత్తో కలిపేయండి. విడిగా ముక్కంటూ లేకపోతే ఏరడానికేముంది? ఉప్పు, మసాలా వద్దు. ఒక టీస్పూను నూనె చాలు. గోరువెచ్చగా పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన తిండికి వాసన ఉండదు, కుక్క ముందు తినేది ముక్కుతోనే.

చాలామంది మరిచిపోయేది కాల్షియం. మాంసంలో, అన్నంలో ఫాస్ఫరస్ ఉన్నంతగా అది ఉండదు. నెలల తరబడి ఇదే పెడితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. గుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి మిక్సీ పట్టండి. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడకూడదు, ముగ్గుపిండిలా ఉండాలి. రోజుకు పావు టీస్పూనుకు కాస్త పైన కలపండి. పెంకుల బదులు కూరలోని ఎముకలు వేస్తానంటారేమో, వద్దు. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. జింకు, అయోడిన్, విటమిన్ డి, ఇ మాత్రం ఈ వంటతో సరిపడా రావు. మీ ఊళ్లో పశువైద్యుల్ని అడిగి, బరువుకు తగ్గ విటమిన్, ఖనిజాల పొడి తెచ్చుకోండి. పెరుగన్నం ఎప్పుడైనా ఓ పూట పెట్టొచ్చు గానీ దాంతోనే రోజులు నెట్టకూడదు.

పాత తిండి తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ వారంలో పూర్తిగా మార్చండి. గిన్నె పెట్టిన 20 నిమిషాలకు మాట్లాడకుండా తీసేయండి. బతిమాలొద్దు, ముక్క పట్టుకుని వెనక తిరగొద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానేస్తే ఏమీ కాదు. రోజంతా ముట్టకపోయినా, వాంతులైనా, నీరసంగా పడుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇంకోటి. బన్నీ తినేవన్నీ మెత్తనివే: పెరుగన్నం, ఉడికిన చికెన్, టీలో నానిన బిస్కెట్. వదిలేసేది ప్యాకెట్ తిండిలోని గట్టి గింజల్ని. చిన్న కుక్కల పళ్లకు గార తొందరగా పడుతుంది. పై పెదవి ఎత్తి వెనక దవడ పళ్లు చూడండి. పసుపు గార, ఎర్రబడ్డ చిగుళ్లు, నోటి దుర్వాసన ఉంటే ఈ వంటంతా తర్వాత, ముందు పళ్లు చూపించండి.