ఇంజినీరింగ్ చదువు బాగుపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బీటెక్ మొదటి ఏడాదిలో కాదు, ఆరో తరగతిలో అంటాను. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు, అంటే బడుల్లో పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేస్తూ నేర్చుకునే ప్రయోగశాలలు, 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసమే. అక్కడ ఒక పాప ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డుకి, శబ్దం పంపి అది తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ తగిలించి ట్యాంకులో నీటిమట్టం కొలుస్తోందనుకోండి. రీడింగ్ ఒకసారి 40 సెంటీమీటర్లు, మరోసారి 90 చూపిస్తుంది. వైరు వదులైందా, మధ్యలో పైపు అడ్డొచ్చి శబ్దం దానికే తగిలి వెనక్కొస్తోందా, కోడ్‌లో తప్పుందా? ఇలా ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడమే అసలైన ఇంజినీరింగ్. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) బిట్లు బట్టీపడితే అది రాదు. ల్యాబ్‌కి తాళం వేసి తనిఖీ రోజున మాత్రమే తీస్తే అసలే రాదు.

ఆ అవకాశం ఎవరికి అందుతోందన్నదీ అంతే ముఖ్యం. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం) ట్రిపుల్ ఐటీలు నాకు మంచి నమూనాగా కనిపిస్తాయి. పదో తరగతి మార్కులతో ఆరేళ్ల కోర్సులో సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు. లక్షలు పోసి కోచింగ్‌కి వెళ్లక్కర్లేదు. ఐఐటీలూ 2018 నుంచి అమ్మాయిలకు అదనపు సీట్లు ఇస్తున్నాయి.

జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. కాలేజీలో పాఠం మాత్రం దాదాపు అంతటా ఇంగ్లీషులోనే. కనీసం మొదటి సెమిస్టర్‌లోనైనా రెండు భాషల్లో చెప్పాలి.