ఐర్లండ్ కర్రపోరును ‘ఫ్యాక్షన్’ అనవచ్చా?

సందేహం: 19వ శతాబ్దంలో ఐర్లండ్ పల్లెల్లో జరిగిన ‘ఫ్యాక్షన్ ఫైట్ల’ గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ఫ్యాక్షన్ పోరు’ అంటే సరిపోతుందా? ‘వర్గపోరు’ అనమని ఒక మిత్రుడి సలహా.

సమాధానం: రెండూ వద్దు. ‘ఫ్యాక్షన్’ అనగానే తెలుగు పాఠకుడికి రాయలసీమ, నాటుబాంబులు, వేటకొడవళ్లు కళ్లముందుకు వస్తాయి. ఐర్లండ్‌లో జరిగింది వేరు. అక్కడివి ఎక్కువగా సంతల్లో, తిరునాళ్లలో అందరూ చూస్తుండగా సాగిన పోట్లాటలు. ఒకడు కోటు విప్పి నేలమీద ఈడ్చుకుంటూ, దమ్ముంటే దీన్ని తొక్కమని ఎదుటివారిని రెచ్చగొట్టేవాడు. ఎవరైనా తొక్కితే నల్లముళ్ల చెట్టు కర్రలు లేచేవి. అలాగని వినోదం అనుకోకండి. 1834 జూన్ 24న కెర్రీ ప్రాంతంలోని బాలీయా తీరాన గుర్రప్పందేల రోజున కూలీన్ల ముఠా ఒకవైపు, లాలర్, మల్విహిల్ వంశాలవారు మరోవైపు తలపడ్డారు. పదిమందికి పైగా చనిపోయారు. పారిపోతూ నదిలో మునిగినవారూ వారిలో ఉన్నారు.

‘వర్గపోరు’తో చిక్కు ఇంకొకటి. తెలుగులో ‘వర్గం’ అంటే ముఠా, పేద-ధనిక వర్గం రెండూ. టిప్పరరీ పరిసరాల్లో 1806 నుంచి 1811 దాకా కొట్టుకున్న రెండు ముఠాల్లో కారవాట్లు ప్రధానంగా కూలీలు, పేదలు. షానవెస్టులు కాస్త కలిగిన రైతులు అని వాదించిన చరిత్రకారులున్నారు. అక్కడ వర్గపోరు అన్న మాట నిజంగా అతుకుతుంది. అదే మాటను వంశాల పేరుతో జరిగిన కొట్లాటలకూ వాడితే ఈ తేడా చెరిగిపోతుంది. అది నాకు బాధ కలిగించే విషయం.

నా సూచన ‘కక్షల కర్రపోరు’. సంస్కృతంలో ‘కక్ష’కు పక్క, చంక అని అర్థాలు. కోర్టు భాషలోని ‘కక్షి’, ‘కక్షిదారు’ల్లో ‘ఒక పక్షం’ అన్న భావం ఇప్పటికీ ఉంది. వాడుకలో కక్ష అంటే పాత పగ. ఇక్కడ పక్షమూ పగా రెండూ కావాలి. రెండూ ఈ ఒక్క మాటలో ఉన్నాయి.

ముఠాల పేర్లను మాత్రం చూసి అనువదించండి. షానవెస్ట్ అంటే ‘పాత వెయిస్ట్‌కోటు’. అసలు పేరు ఉంచి, అర్థం ఒకసారి చెబితే చాలు. ఎద్దు వయసు గురించిన తగువులో పుట్టాయని చెప్పే రెండు ముఠాల పేర్లను ‘మూడేళ్లవారు’, ‘నాలుగేళ్లవారు’ అని రాస్తే చదివేవారు పసిపిల్లలనుకుంటారు. ‘మూడేళ్ల పక్షం’, ‘నాలుగేళ్ల పక్షం’ అని రాయండి.