నొప్పి పుడితేనే గొంతు తెరుచుకుంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. ఏడేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. టీవీ పాటల పోటీ ఆడిషన్ కోసం ఈ మధ్య ఇంకో మాస్టారి దగ్గర చేర్పించాం. ఆయన రోజూ రెండు గంటలు పై స్థాయిలో గట్టిగా పాడిస్తున్నారు. రెండు నెలల నుంచి గొంతు బొంగురుగా ఉంటోంది, పొద్దున లేవగానే మాటే సరిగా రావడం లేదు. అడిగితే "నొప్పి పుడితేనే గొంతు తెరుచుకుంటుంది" అంటున్నారు. ఇంట్లోవాళ్లు నీట్ లాంగ్‌టర్మ్ అంటున్నారు, పాపేమో పాటే అంటోంది. ఏం చేయమంటారు? – ఓ తల్లి, తణుకు

జవాబు: అమ్మా, కెరీర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ వారంలోనే పాపను ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి, అప్పటిదాకా పాట ఆపేయండి. జలుబు చేసి గొంతు పోతే రెండు వారాల్లో తిరిగొస్తుంది. మూడు నాలుగు వారాలు దాటినా బొంగురు తగ్గలేదంటే గొంతు లోపల నాదం పుట్టించే రెండు మెత్తటి మడతల్ని, అంటే స్వరతంత్రుల్ని చూడాల్సిందే, మీరు ఇప్పటికే రెండు నెలలు ఆగారు. టార్చి వేసి నోట్లోంచి చూస్తే అవి కనిపించవు. సన్నటి గొట్టంతో చూసే ఎండోస్కోపీ చేయమని అడగండి, వీలైతే స్ట్రోబోస్కోపీ (తంత్రుల కదలికను మెల్లగా జరుగుతున్నట్టు చూపే పరీక్ష) ఉన్నచోటికి వెళ్లండి. ఆడిషన్ గట్టెక్కడానికి ఏదైనా ఇంజక్షన్ ఇవ్వమని మాత్రం దయచేసి అడగకండి. వాచిన తంత్రుల మీద ఆ రోజుకి పాడించేస్తే తర్వాత నెలల తరబడి బాధపడాల్సింది పాపే.

మాస్టారి మాట ఎందుకు తప్పో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంత నమ్మకంగా చెప్పే మాట పిల్లల మనసులో నాటుకుపోతుంది. అమ్మాయి అయిదున్నర శ్రుతిలో పాడుతోందనుకోండి. మధ్యస్థాయి షడ్జం, అంటే మామూలు "స" పట్టినప్పుడు ఆ రెండు తంత్రులూ సెకనుకు దాదాపు 208 సార్లు ఒకదానికొకటి తగులుతాయి, తారస్థాయి షడ్జానికి, అంటే పై "స"కి అది రెట్టింపు. ఆ మధ్యస్థాయి షడ్జాన్నే గంటసేపు పట్టి ఉంచితే ఏడు లక్షల సార్లు దాటుతుంది. మెత్తగా తగిలితే ఏమీ కాదు, అవి ఉన్నదే అందుకు. గొంతు బిగించి, గాలిని లోపలినుంచి బలంగా తోసి అరిచినట్టు పాడితే మాత్రం తగిలినచోటే వాపు వస్తుంది. అలాగే కొనసాగిస్తే పలుగూ పారా పట్టిన చేతికి కాయలు కాసినట్టు అక్కడ చిన్న గడ్డలు కడతాయి, వాటినే నాడ్యూల్స్ అంటారు. పాపకి ఉన్నాయో లేదో డాక్టరే చెప్పాలి. ఉన్నా కంగారు పడకండి, చాలామందికి ఆపరేషన్ లేకుండానే, స్పీచ్ థెరపిస్టు దగ్గర వాయిస్ థెరపీతోనూ అలవాట్లు మార్చుకోవడంతోనూ తగ్గిపోతాయి.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి మాన్యుయెల్ గార్సియా అనే పాటల మాస్టారు. డాక్టరు కాదు, సంగీతం నేర్పేవాడు. 1854లో పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతు వెనక పెట్టుకుని, చేతిలో ఇంకో అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, పాడుతున్నప్పుడు తన స్వరతంత్రులు ఎలా కదులుతున్నాయో తానే చూసుకున్నాడు. ఇవాళ మీ ఈఎన్‌టీ డాక్టర్ చేయబోయే పరీక్షకి దారి వేసింది ఆయనే. దానికి చాలా ముందే, 1841లో, జెన్నీ లిండ్ అనే ఇరవై ఏళ్ల స్వీడన్ అమ్మాయి పాడి పాడి గొంతు పాడుచేసుకుని పారిస్‌లో ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన వెంటనే పాఠం మొదలుపెట్టలేదు. కొన్ని వారాలు అసలు పాడొద్దని పంపేసి, గొంతు తేరుకున్నాకే మళ్లీ రమ్మన్నాడు, అప్పుడు మొదటినుంచీ నేర్పాడు. తర్వాత ఆ అమ్మాయి యూరప్, అమెరికా అంతటా పేరు తెచ్చుకుంది. మంచి గురువంటే నా దృష్టిలో ఇదే, పాడించడం ఎంత వచ్చో ఆపించడమూ అంత రావాలి. "మాస్టారూ, గొంతు నొప్పిగా ఉంది" అని పాపతోనే అనిపించి ఏం సమాధానం వస్తుందో చూడండి. ఆ రోజుకి ఆపేసి, శ్రుతి తగ్గించి, ఎక్కడ బిగుస్తోందో వెతికేవారైతే ఉండనివ్వండి. ఓర్చుకోమంటే మాత్రం గౌరవంగా నమస్కారం పెట్టి మానిపించేయండి.

మన పద్ధతిలో ఈ జాగ్రత్త లేదనుకోకండి. మంద్రస్థాయి సాధన, సరళీ స్వరాలు మూడు కాలాల్లో, నిదానంగా అకారం, ఇవన్నీ గొంతును కిందినుంచి మెల్లగా పైకి తీసుకెళ్లే మెట్లే. పాప మొదటి గురువుగారు ఏడేళ్లు నేర్పింది ఇదే కదా. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే పోటీ పాటల్లో, కరోకే ట్రాక్ ఏ శ్రుతిలో ఉంటే పిల్ల గొంతును అక్కడికి లాగుతారు. ట్రాక్‌ని రెండు మూడు స్వరస్థానాలు దించే యాప్‌లు ఫోన్‌లోనే ఉన్నాయి. పాట పిల్లకి సరిపోవాలి గానీ పిల్ల పాటకి సరిపోవడానికి మెడ నరాలు ఉబ్బించుకోకూడదు.

ఇంట్లో మీరే చూడగలిగే పరీక్ష ఒకటుంది. డాక్టర్ పాడొచ్చన్నాక, రోజూ ఒకే సమయానికి, తారస్థాయి షడ్జాన్ని "ఊ" అని వీలైనంత మెల్లగా, పక్కగదిలోకి వినపడనంత చిన్నగా అనమనండి. నాదం వెంటనే మొదలైతే సరే. ముందు ఉస్సుమని గాలి వచ్చి ఆ తర్వాత స్వరం అందుకుంటే, లేదా గట్టిగా అంటేనే పలికితే, తంత్రులు ఇంకా వాచి ఉండొచ్చని అర్థం, ఆ రోజు సాధన వద్దు. గట్టిగా పాడేటప్పుడు ఈ లోపం దాక్కుంటుంది, మెల్లగా పాడితేనే బయటపడుతుంది. సాధన మళ్లీ మొదలుపెట్టేటప్పుడు స్ట్రా వ్యాయామం బాగా పనిచేస్తుంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రాని రెండు వేళ్ల లోతున ముంచి, బుడగలు వస్తుండగా స్ట్రాలోకి "ఊ" అంటూ కిందినుంచి పైకి, పైనుంచి కిందికి జారాలి. బుడగలు ఆగకుండా సమంగా రావాలి, బుగ్గలు వదులుగా ఉండాలి, భుజాలు లేవకూడదు. అయిదు నిమిషాలు చాలు.

ఇంకో సంగతి, బైపీసీ పిల్లలు బోటనీ, జువాలజీ బిగ్గరగా చదువుతూ బట్టీ పడతారు, అదీ గొంతు ఖాతాలోనే పడుతుంది, కాబట్టి మనసులో చదువుకోమనండి. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, చాలామంది అప్పుడే ఇంకా బిగిస్తారు. మిరియాల పాలు, బుగ్గన కరక్కాయ, ఇవి హాయిగా ఉంటాయి, వద్దనను. కానీ మింగినవేవీ స్వరతంత్రులకి తగలవు, అన్నవాహికలోకి పోతాయి. ఒంట్లో నీళ్లు తగినంత ఉంటేనే తంత్రులు తడిగా ఉంటాయి, కాబట్టి రోజంతా కొంచెం కొంచెంగా తాగిస్తుండండి.

ఇప్పుడు చదువు. పాట వైపు పంపొచ్చు, కానీ నేపథ్యగానం ఒక్కదాన్నే నమ్ముకుని పంపకండి. సంగీతంతో బతుకుతున్నవాళ్లలో ఎక్కువమంది పాఠాలు చెప్పి, స్కూళ్లలో పనిచేసి, కచేరీలు చేసి, అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకి తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో నేర్పి నాలుగు వైపులనుంచీ సంపాదించుకుంటున్నారు. రోజుకి ఆరేడు గంటలు గొంతు వాడాల్సిన పని అది, అందుకే ఇంతసేపూ గొంతు గురించి చెప్పాను. విజయనగరంలో 1919 నుంచి ఉన్న మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న కళాశాల ఉంది. వాటిలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు డిగ్రీ చదువుకుంటూ కూడా చేసుకోవచ్చేమో కనుక్కోండి.

బైపీసీ కాబట్టి మీ ఇంట్లో ఎవరూ ఆలోచించని దారి ఒకటి చెప్తాను. బీఏఎస్‌ఎల్‌పీ అని నాలుగేళ్ల డిగ్రీ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి. వినికిడి, మాట, స్వరం, వీటి లోపాలకి చికిత్స చేసే చదువు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పేరున్న చోటు, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రవేశ నిబంధనలు ఈ ఏడాది నోటిఫికేషన్ చూసి నిర్ధారించుకోండి. స్వరజ్ఞానం ఉన్న పిల్ల స్పీచ్ థెరపిస్టయితే గాయకులకి, టీచర్లకి ఎంత ఉపయోగపడుతుందో ఆలోచించండి, పైగా పాట మానక్కర్లేదు. పాపకి ఇష్టం లేకుండా లాంగ్‌టర్మ్‌లో కూర్చోబెట్టడం కంటే ఇది ముందు చర్చించండి, తనని పక్కన కూర్చోబెట్టుకునే చర్చించండి.

ఆడిషన్ ఈసారికి వదిలేయండి, పదిహేడేళ్ల పిల్లకి మళ్లీ వస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆర్నెల్ల కిందట పాడిన రికార్డింగ్ ఒకటి, ఇప్పుడు పొద్దున లేవగానే మాట్లాడినది ఒకటి ఫోన్‌లో తీసుకెళ్లి వినిపించండి. రిపోర్టులో ఏముందో నాకు రాయండి, దాన్నిబట్టి కాలేజీల సంగతి వివరంగా చెప్తాను.